గీతలు గీసే తెర: రంగుల వెక్టర్ మానిటర్ లోపలి సర్క్యూట్లు

వెక్టర్ మానిటర్ బొమ్మను గీతలతో గీస్తుంది. పిక్చర్ ట్యూబ్ మెడలో పుట్టిన ఎలక్ట్రాన్ పుంజం తెర మీద ఒక బిందువు దగ్గర బయలుదేరి, గీత ఏ దిక్కున కావాలో ఆ దిక్కుకే సూటిగా నడిచి, అక్కడ మలుపు తిరిగి మరో దిక్కు పడుతుంది. ఇళ్లలో దశాబ్దాల పాటు ఉన్న ట్యూబ్ టీవీలో పుంజం నడక వేరు. అక్కడ తెర మీద మనిషి ముఖం ఉన్నా, క్రికెట్ మైదానం ఉన్నా, ఏమీ లేకపోయినా పుంజం మాత్రం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, సెకనుకు 15,625 అడ్డగీతల చొప్పున తెరంతా తుడుచుకుంటూ పోతూనే ఉంటుంది. ఈ రెండో పద్ధతికి రాస్టర్ అని పేరు. మన దేశంలో ట్యూబ్ టీవీలన్నీ 625 గీతల రాస్టర్ మీదే పనిచేశాయి.

ముగ్గు వేసే చేతిని తలచుకుంటే వెక్టర్ పద్ధతి తేలిగ్గా బోధపడుతుంది. వేళ్ల సందు నుంచి పిండి జారినంతసేపు గీత పడుతుంది. వేళ్లు బిగించి చెయ్యి మరో చోటికి జరిపితే నేల మీద ఆనవాలు మిగలదు. పుంజానికి కూడా అందాల్సిన ఆదేశాలు ఈ రెండు రకాలే. ఎటు నడవాలో చెప్పేవి రెండు సంకేతాలు: అడ్డానికి ఎక్స్, నిలువుకు వై. వెలగాలా వద్దా, వెలిగితే ఎంత అన్నది చెప్పేది జెడ్. రంగుల మానిటర్‌లో ఈ జెడ్ మూడుగా విడిపోయి ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలవుతుంది. ఆట నడిపే బోర్డు నుంచి మానిటర్‌కు వచ్చే సంకేతాలు ఈ ఐదే. టీవీలో మాదిరిగా గీత ఎప్పుడు మొదలు, బొమ్మ ఎప్పుడు మొదలు అని తాళం వేసే సింక్ సంకేతాలు ఇందులో లేవు. ఈ ఒక్క లోటు వల్ల మానిటర్ లోపల ఎన్ని అదనపు సర్క్యూట్లు కట్టాల్సి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

నాణెం వేసి ఆడే వీడియో గేముల్లోకి ఈ పద్ధతిని తెచ్చింది 1977లో అమెరికా సంస్థ సినిమాట్రానిక్స్ విడుదల చేసిన స్పేస్ వార్స్. 1979లో అటారీ సంస్థ లూనార్ ల్యాండర్, ఆస్టరాయిడ్స్ ఆటలను తెచ్చింది. ఇవన్నీ నలుపు తెలుపు తెరలు. 1980లో వచ్చిన బ్యాటిల్‌జోన్‌లో రంగు కనిపించేది గానీ, అది తెర ముందు అతికించిన ఆకుపచ్చ, ఎరుపు ప్లాస్టిక్ పొరల పుణ్యం. అసలైన రంగు 1981లో వచ్చింది. ఆ ఏడాది సెగా స్పేస్ ఫ్యూరీని, అటారీ టెంపెస్ట్‌ను విడుదల చేశాయి. టెంపెస్ట్‌లో వాడింది వెల్స్ గార్డ్‌నర్ కంపెనీ 6100 శ్రేణి మానిటర్, 19 అంగుళాలది. సెగా ఆటల్లో ఎలక్ట్రోహోమ్ వారి జీ08 ఉండేది. 1983లో వచ్చిన స్టార్ వార్స్ ఆటలో, మనిషి లోపల కూర్చుని ఆడే పెద్ద కేబినెట్‌కు యాంప్లిఫోన్ 25 అంగుళాల మానిటర్ పెట్టారు. వివరాల్లో ఈ మూడూ తేడాగా ఉన్నా, లోపలి పొందిక దాదాపు ఒకటే.

అంత కష్టపడి గీతలతోనే ఎందుకు గీయాల్సి వచ్చింది? మెమరీ ఖరీదు వల్ల. అడ్డంగా 1024, నిలువుగా 1024 బిందువులున్న తెరను రాస్టర్ పద్ధతిలో నింపాలంటే, రంగు లేకుండా ఒక్కో బిందువుకు ఒక్క బిట్ చొప్పున లెక్కేసినా 1,31,072 బైట్ల మెమరీ కావాలి. 1979లో ఆటపెట్టెకు అది ఊహకందని విలాసం. ఆస్టరాయిడ్స్‌లో తెర మీద బొమ్మ మొత్తాన్ని వర్ణించే గీతల జాబితాకు కేటాయించిన ర్యామ్ 2 కిలోబైట్లు. "ఇక్కడి నుంచి అక్కడికి గీయి" అన్న ఆదేశం నాలుగు బైట్లలో పడుతుంది. ఆ గీత తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నా అంతే. పైగా గీత ఏటవాలుగా ఉన్నప్పుడు రాస్టర్‌లో కనిపించే మెట్లు ఇందులో ఉండవు.

ఆ జాబితాను చదివి వోల్టేజీలుగా మార్చేది ఆట బోర్డు మీద ఉండే వెక్టర్ జనరేటర్. ఇది మానిటర్‌లో భాగం కాదు గానీ, దీని గుణం తెలియకపోతే మానిటర్ పని అర్థం కాదు. అటారీ వారు రెండు రకాలు వాడారు. ఆస్టరాయిడ్స్‌లో ఉన్నది డిజిటల్ జనరేటర్: కౌంటర్లు ఒక్కొక్క అంకె చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతుంటే, ఆ అంకెను డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే ఐసీ వోల్టేజిగా మారుస్తుంది. టెంపెస్ట్‌లో ఉన్నది అనలాగ్ జనరేటర్. ఇందులో కన్వర్టర్ ఇచ్చేది గీత చివరి స్థానాన్ని కాదు, గీత వాలును. ఆ వాలుకు తగ్గ వోల్టేజి ఒక ఇంటిగ్రేటర్‌లోకి వెళ్లి కెపాసిటర్‌ను స్థిరమైన వేగంతో నింపుతుంది. టైమర్‌లో నిర్ణీత సమయం కాగానే స్విచ్ తెరుచుకుని ఆ నింపడం ఆగుతుంది. కెపాసిటర్ మీద వోల్టేజి ఎక్కడ ఆగితే పుంజం అక్కడ ఆగుతుంది. ఎక్స్‌కు ఒకటి, వైకు ఒకటి, అలాంటి ఇంటిగ్రేటర్లు రెండు ఒకేసారి పనిచేస్తే వాటి ఉమ్మడి ఫలితమే ఏటవాలు గీత.

ఈ పద్ధతిలో గీత నున్నగా వస్తుంది, ఐసీలు తక్కువ పడతాయి. దానికి చెల్లించే మూల్యం పొరపాట్లు పోగుపడడం. ఒక గీత చివర కెపాసిటర్ మీద వోల్టేజి వెంట్రుకవాసి తేడాగా నిలిస్తే, తర్వాతి గీత అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ తర్వాతిది ఇంకాస్త పక్కకు జరుగుతుంది. అందుకే గీతల జాబితాలో "మధ్యకు రా" అన్న ప్రత్యేక ఆదేశం ఉంటుంది. అది అందగానే రెండు కెపాసిటర్లనూ ఖాళీ చేసి పుంజాన్ని తెర నడిమధ్యకు తెస్తారు. ప్రతి వస్తువునూ మధ్య నుంచి మొదలుపెట్టి గీస్తే దోషం పేరుకోదు. ఇదే జనరేటర్‌లో మరో చక్కని ఉపాయం కూడా ఉంది. పొట్టి గీతకూ పొడుగు గీతకూ ఒకే సమయం ఇస్తే పొట్టి గీత దగ్గర పుంజం నెమ్మదిగా నడుస్తుంది, తెర లోపల పూసిన, పుంజం తాకితే వెలిగే ఫాస్ఫర్ మీద ఎక్కువసేపు పడుతుంది, గీత ఎక్కువ వెలుగుతుంది. దీన్ని నివారించడానికి గీత కొలతలను రెట్టింపు చేసుకుంటూ, రెట్టించిన ప్రతిసారీ సమయాన్ని సగం చేస్తారు. అలా చేశాక గీతల మధ్య వేగాల తేడా దాదాపు రెండింతలకు మించదు. మిగిలిన తేడాను కన్ను పెద్దగా పట్టించుకోదు.

అక్కడి నుంచి ఎక్స్, వై సంకేతాలు మానిటర్‌లోని పుంజాన్ని వంచే డిఫ్లెక్షన్ బోర్డుకు చేరతాయి. సున్నాకు అటూ ఇటూ కొద్ది వోల్టులు మాత్రమే ఉండే బలహీనమైన సంకేతాలివి. వీటితో పిక్చర్ ట్యూబ్ మెడ చుట్టూ ఉన్న యోక్ కాయిళ్లలో కొన్ని ఆంపియర్ల కరెంటు నడపాలి. పుంజం ఎంత వంగుతుందన్నది కాయిల్‌లోని కరెంటును బట్టి ఉంటుంది, దాని మీది వోల్టేజిని బట్టి కాదు. కరెంటు సున్నా అయితే పుంజం మధ్యలో, ఒక దిశలో పారితే కుడివైపు, ఎదురు దిశలో పారితే ఎడమవైపు. ఆసిలోస్కోపుల్లో పుంజాన్ని లోహపు పలకల మీది వోల్టేజితో వంచుతారు. అది చాలా వేగవంతమైన పద్ధతే గానీ, 19 అంగుళాల తెరకు అలా చేయాలంటే ట్యూబ్ బాగా పొడవవుతుంది, కేబినెట్‌లో పట్టదు. కాబట్టి ఆటపెట్టెలకు యోక్ తప్పలేదు.

యోక్‌తో వచ్చే చిక్కంతా ఇండక్టెన్స్. కాయిల్ తనలోని కరెంటు మారడానికి ఒప్పుకోదు. ఎంత త్వరగా మార్చాలంటే అంత వోల్టేజి దాని మీద పెట్టాలి. ఒక లెక్క చూస్తే విషయం కళ్లకు కడుతుంది. 500 మైక్రోహెన్రీల కాయిల్‌లో 50 మైక్రోసెకన్లలో 2 ఆంపియర్ల మార్పు రావాలంటే 20 వోల్టులు చాలు. అదే 30 మిల్లీహెన్రీల కాయిల్ అయితే 1,200 వోల్టులు పెట్టాలి. టీవీ యోక్‌లో నిలువు కాయిల్ బద్ధకంగా ఉన్నా నడిచిపోతుంది, ఎందుకంటే పుంజం పై నుంచి కిందికి దిగడానికి అక్కడ సెకనులో యాభయ్యో వంతు సమయం ఉంటుంది. వెక్టర్ మానిటర్‌లో నిలువు గీతకూ అడ్డు గీతకూ ఒకే తొందర. అందుకే దాని యోక్‌లో రెండు కాయిళ్లనూ తక్కువ చుట్లతో, తక్కువ ఇండక్టెన్స్‌తో చుడతారు. మామూలు టీవీ యోక్ ఇక్కడ పనికిరాదు.

డిఫ్లెక్షన్ యాంప్లిఫయర్ మానిటర్‌కు గుండెకాయ. ఎక్స్‌కు ఒకటి, వైకు ఒకటి, రెండూ ఒకే నమూనా. మొదట ఒక జత ట్రాన్సిస్టర్లు పోలిక చూసే పనిలో ఉంటాయి. వాటిలో ఒకదాని బేస్‌కు ఆట బోర్డు పంపిన సంకేతం అందుతుంది. రెండోదాని బేస్‌కు యోక్ నుంచి వార్త వస్తుంది. యోక్ కాయిల్ రెండో కొసను నేరుగా ఎర్త్‌కు కలపకుండా, మధ్యలో తక్కువ విలువ గల, లావుపాటి రెసిస్టర్ ఒకటి పెడతారు. కాయిల్‌లో ఎంత కరెంటు పారితే ఆ రెసిస్టర్ మీద అంతకు తగ్గ వోల్టేజి కనిపిస్తుంది. అడిగినదానికీ అందినదానికీ తేడా ఉన్నంతకాలం ఆ తేడా పెరిగి పెద్దదై డ్రైవర్ ట్రాన్సిస్టర్ల మీదుగా చివరి పవర్ ట్రాన్సిస్టర్లను నెడుతుంది. కరెంటు తక్కువైతే చివరి ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుని, సప్లై వోల్టేజిని ఉన్నదున్నట్టు కాయిల్ మీద పెడుతుంది. కరెంటు సరిపోగానే వెనక్కి తగ్గుతుంది. గీత తిన్నగా ఉందా లేదా అని ఎవరూ విడిగా చూడక్కర్లేదు, ఈ ఫీడ్‌బ్యాకే చూసుకుంటుంది.

చివరి జతలో ఒకటి ఎన్‌పీఎన్, ఒకటి పీఎన్‌పీ. వెల్స్ గార్డ్‌నర్ 6100లో అవి 2ఎన్3716, 2ఎన్3792 అనే లోహపు టోపీ ట్రాన్సిస్టర్లు. మానిటర్ ఇనుప చట్రానికే బిగించి ఉంటాయి, చట్రమే హీట్ సింక్. ఎన్‌పీఎన్ కరెంటును ఒక దిశలో, పీఎన్‌పీ ఎదురు దిశలో నడుపుతాయి. ఇంతవరకూ వింటే ఇది స్టీరియో యాంప్లిఫయరే కదా అనిపిస్తుంది, ఆ పోలిక చాలావరకు నిజమే. పాత ఆడియో యాంప్లిఫయర్లలో రెండు ట్రాన్సిస్టర్ల మధ్య కరెంటు చేతులు మారేచోట శబ్దం గరుకుగా వినిపించే దోషం ఉంటుంది. దాన్నే క్రాసోవర్ దోషం అంటారు. ఇక్కడ అదే దోషం కంటికి కనిపిస్తుంది: తెర మధ్యగా పోయే ఏటవాలు గీతలో సరిగ్గా నడిమికి వచ్చేసరికి చిన్న మెలిక పడుతుంది. అది రాకుండా చివరి జత రెండింటినీ కొద్దిగా తెరిచి ఉంచేలా డయోడ్లతో బయస్ ఇస్తారు. గీత మొదట్లో చిన్న అల లేదా కొక్కెం కనిపిస్తే అది మరో సంగతి. యోక్ కాయిల్, దానిలోని చిల్లర కెపాసిటెన్స్ కలిసి ఊగడం వల్ల వచ్చేది అది. కాయిల్‌కు సమాంతరంగా పెట్టిన రెసిస్టర్ ఆ ఊపును అణుస్తుంది.

ఈ యాంప్లిఫయర్ వేడి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, మరమ్మతుల కథలన్నీ అక్కడే మొదలవుతాయి కాబట్టి. టీవీలో అడ్డు డిఫ్లెక్షన్ ట్రాన్సిస్టర్ స్విచ్ మాత్రమే. తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, కాయిల్‌లో దాగిన శక్తి చాలావరకు మళ్లీ సప్లైకే తిరిగొస్తుంది. వెక్టర్‌లో ఆ సౌఖ్యం లేదు. పుంజం తెర మూలన నిలబడాలంటే కాయిల్‌లో కరెంటు అలాగే పారుతూ ఉండాలి. సప్లై 25 వోల్టులు, కరెంటు 2 ఆంపియర్లు, కాయిల్, రెసిస్టర్ కలిసి 4 వోల్టులు తీసుకున్నాయనుకుంటే, మిగిలిన 21 వోల్టులూ ట్రాన్సిస్టర్ మీదే పడతాయి. అంటే 42 వాట్ల వేడి. బొమ్మ తెరంతా పరుచుకుని ఉంటే ఈ భారం రెండు ట్రాన్సిస్టర్ల మధ్య పంపకమవుతుంది. ఆట బోర్డు పాడై ఎక్స్ సంకేతం ఒక కొసన బిగుసుకుపోతే మాత్రం ఒక్క ట్రాన్సిస్టరే మొత్తం మోయాలి. కాసేపటికి అది షార్ట్ అవుతుంది. షార్ట్ అయిన వెంటనే సప్లై మొత్తం యోక్ మీదికి వస్తుంది, ఫ్యూజు పోతుంది, ఫ్యూజు ఆలస్యం చేస్తే డ్రైవర్లు, రెసిస్టర్లు వరసగా పోతాయి. ఆట బోర్డులో పుట్టిన జబ్బు మానిటర్‌ను చంపడం అంటే ఇదే.

కాయిల్‌లో కరెంటు ఎప్పుడూ ఆదేశం కంటే కొంచెం వెనకబడి ఉంటుంది. ఆట బోర్డు "గీత మొదలు" అని చెప్పిన క్షణానే పుంజాన్ని వెలిగిస్తే అది ఇంకా పాత చోటునే ఉంటుంది. అక్కడొక వెలుగు చుక్క పడుతుంది. "గీత అయింది" అన్న క్షణానే ఆర్పేస్తే గీత చివర కాస్త తెగిపోతుంది. అందువల్ల రంగు సంకేతాలకు కూడా ఆ వెనకబాటుకు సరిపడా ఆలస్యం ఉండాలి. గీతలు కలిసే మూలల్లో పుంజం దిశ మారేటప్పుడు ఒక క్షణం నెమ్మదిస్తుంది కాబట్టి ఆ మూలలు కొద్దిగా ఎక్కువ వెలుగుతాయి. సాంకేతికంగా ఇది లోపమే. కానీ చీకటి తెర మీద గీతల కూడళ్లలో మెరిసే ఆ చుక్కలే వెక్టర్ ఆటలకు ప్రత్యేకమైన అందం తెచ్చాయి. ఆస్టరాయిడ్స్‌లో తుపాకీ గుండు అంత తళుక్కున మెరవడానికి కారణం కూడా పుంజాన్ని కావాలనే ఒక్కచోట కాసేపు నిలపడం.

పిక్చర్ ట్యూబ్ తెర దాదాపు చదునుగా ఉండడంతో మరో ఇబ్బంది. పుంజం తెర మూలలకు చేరాలంటే మధ్యకంటే ఎక్కువ దూరం ప్రయాణించాలి. యోక్‌లో కరెంటు సరిసమానంగా పెరిగినా, మూలల దగ్గర చుక్క అనుకున్నదానికంటే దూరంగా పడుతుంది. చతురస్రం గీస్తే నాలుగు మూలలూ బయటికి లాగినట్టు, పక్కలు లోపలికి నొక్కినట్టు కనిపిస్తుంది. దీనికి పిన్‌కుషన్ వంపు అని పేరు. టీవీలో పుంజం దారి ముందే తెలుసు కాబట్టి ఏ గీత దగ్గర ఎంత సవరించాలో ఒక వంపు తరంగం కలిపి సరిపెట్టొచ్చు. వెక్టర్‌లో పుంజం ఏ క్షణాన ఎక్కడ ఉంటుందో ముందుగా తెలియదు. ఎక్స్ సవరణ ఆ క్షణపు వై విలువ మీద, వై సవరణ ఎక్స్ విలువ మీద ఆధారపడతాయి. అంటే రెండు వోల్టేజీలను గుణించే సర్క్యూట్ కావాలి. యాంప్లిఫోన్ మానిటర్‌లో ఇందుకు ఎంసీ1495 అనే అనలాగ్ మల్టిప్లయర్ ఐసీలు వాడారు. ఆట ఆడే పిల్లవాడికి గీత వంకర పోకుండా ఉండడానికి, బోర్డు మీద ప్రతి క్షణమూ గుణకారం జరుగుతుందన్నమాట.

పుంజాన్ని వెలిగించే పని ట్యూబ్ మెడకు తగిలించిన నెక్ బోర్డుది. రంగుల ట్యూబ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు గన్లు, మూడు క్యాథోడ్లు. ఒక్కో క్యాథోడ్‌కు ఒక్కో వీడియో యాంప్లిఫయర్. చిన్న సంకేతాన్ని కింది ట్రాన్సిస్టర్ అందుకుంటుంది, ఎక్కువ వోల్టేజిని తట్టుకునే పై ట్రాన్సిస్టర్ దాన్ని క్యాథోడ్‌కు అందిస్తుంది. పైన దాదాపు 180 వోల్టుల సప్లై ఉంటుంది. సంకేతం లేనప్పుడు క్యాథోడ్ ఎత్తైన వోల్టేజి దగ్గర ఉండి ఎలక్ట్రాన్లను బయటికి పోనివ్వదు. సంకేతం పెరిగే కొద్దీ క్యాథోడ్ వోల్టేజి కిందికి దిగి పుంజం బలపడుతుంది. మూడు గన్లూ ఒకేసారి వెలిగితే తెల్ల గీత, ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు. మూడు గన్ల స్వభావం సరిగ్గా ఒకటి కాదు కాబట్టి, ఆరిపోయే స్థాయి సరిచేయడానికి ఒకటి, వెలుగు పెరిగే రేటు సరిచేయడానికి ఒకటి చొప్పున తిప్పే కంట్రోళ్లుంటాయి. ఆరిపోయే స్థాయి సరిగా పెట్టకపోతే వెక్టర్ తెర మీద వెంటనే బయటపడుతుంది: గీతల మధ్య పుంజం చీకట్లో ప్రయాణించాల్సిన దారులన్నీ సాలెగూడులా మసకగా కనిపిస్తాయి.

మూడు పుంజాలూ తెర వెనక ఉండే షాడో మాస్క్ అనే చిల్లుల రేకు గుండా పోయి, ఎవరి రంగు ఫాస్ఫర్ మీద వారు పడాలి. ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం ఈ రేకునే తాకి వృథా అవుతాయి. నలుపు తెలుపు వెక్టర్ తెర మీద గీత సూదిమొనలా పదునుగా ఉంటే, రంగుల తెర మీద అదే గీతను దగ్గరగా చూసినప్పుడు చుక్కలు చుక్కలుగా కనిపించడానికి కారణం ఈ మాస్కే. పదును విషయంలో రంగుల వెక్టర్ తన అన్న కంటే ఒక మెట్టు తక్కువే అని ఒప్పుకోవాలి. మూడు పుంజాలు ఒకేచోట కలవకపోతే తెల్ల గీత పక్కన ఎర్ర గీత, నీలి గీత విడివిడిగా కనిపిస్తాయి. మెడ చుట్టూ ఉండే అయస్కాంతపు రింగులు తిప్పి దాన్ని సరిచేస్తారు.

ఇక హై వోల్టేజి. తెర వెనక లోపలి పూతకు 6100లో దాదాపు 19,500 వోల్టులు కావాలి. టీవీలో ఈ వోల్టేజి దాదాపు ఉచితంగా వస్తుంది. అడ్డగీత ముగిసి పుంజం వెనక్కి దూకేటప్పుడు పుట్టే తాకిడిని ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే మన మెకానిక్‌లు ఎల్‌ఓటీ అని పిలిచేది, పెంచి ఇస్తుంది. వెక్టర్ మానిటర్‌లో అలాంటి క్రమం తప్పని దూకుడు లేదు. గీతలు ఎప్పుడు పడతాయో, ఎంత పొడవు పడతాయో ఆట ఇష్టం. కాబట్టి హై వోల్టేజి కోసమే ఒక ఆసిలేటర్, దాని వెంట ఒక పవర్ ట్రాన్సిస్టర్, ఒక ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కట్టి, లోహపు పెట్టెలో మూసి ఉంచుతారు. ఫోకస్‌కు కావాల్సిన వేల వోల్టులు, స్క్రీన్ గ్రిడ్‌కు కావాల్సిన వందల వోల్టులు, నెక్ బోర్డు సప్లై కూడా అక్కడి నుంచే తీస్తారు.

ఆ వోల్టేజి నిలకడగా ఉండడం ముఖ్యం. తెర మీద పెద్ద పేలుడు జరిగి ఒక్కసారిగా ఎన్నో గీతలు వెలిగితే పుంజం కరెంటు పెరుగుతుంది, హై వోల్టేజి కుంగుతుంది. వోల్టేజి తగ్గితే ఎలక్ట్రాన్ల వేగం తగ్గి, అదే యోక్ కరెంటుకు అవి మరింత వంగుతాయి. 4 శాతం కుంగితే బొమ్మ దాదాపు 2 శాతం పెద్దదవుతుంది. పేలినప్పుడల్లా బొమ్మ ఊపిరి పీల్చినట్టు ఉబ్బితే రెగ్యులేషన్ సరిగా లేదని అర్థం. వోల్టేజి హద్దు మీరి పెరిగితే ఎక్స్ కిరణాల ప్రమాదం ఉంటుంది కాబట్టి, అలాంటప్పుడు ఆసిలేటర్‌ను ఆపేసే రక్షణ సర్క్యూట్ కూడా ఉంటుంది.

టీవీలో అవసరం అంతగా పడని మరో సర్క్యూట్ స్పాట్ కిల్లర్. పుంజం కదలకుండా ఒకేచోట నిలిస్తే ఏమవుతుందో లెక్క చెబుతుంది. 20,000 వోల్టుల దగ్గర అర మిల్లీఆంపియర్ పుంజం అంటే 10 వాట్లు. ఆ పది వాట్లూ ఆవగింజంత చోట పడితే ఫాస్ఫర్ మాడిపోయి, తెర నడిమధ్య శాశ్వతంగా నల్ల మచ్చ మిగులుతుంది. అందుకే స్పాట్ కిల్లర్ ఎక్స్, వై రెండింటిలోనూ కదలిక ఉందా అని నిరంతరం చూస్తుంటుంది. కదులుతున్న సంకేతాన్ని కెపాసిటర్ గుండా పంపి, రెక్టిఫై చేసి, ఆ వోల్టేజితో ఒక ట్రాన్సిస్టర్‌ను పట్టి ఉంచుతారు. రెండింటిలో ఏ ఒక్కటి ఆగినా ఆ పట్టు వదిలిపోయి పుంజం ఆరిపోతుంది, బోర్డు మీద ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతుంది. స్విచ్ ఆపినప్పుడు కూడా ఇదే రక్షణ కావాలి; అప్పుడు యోక్ కరెంటు ముందు పడిపోతుంది, ట్యూబ్‌లో నిలిచిన హై వోల్టేజి మాత్రం వెంటనే పోదు. అయితే స్పాట్ కిల్లర్ కాపాడేది ఫాస్ఫర్‌నే, ట్రాన్సిస్టర్లను కాదు. సంకేతం ఒక కొసన బిగుసుకుపోతే పుంజం ఆరిపోయి తెర నల్లగా కనిపిస్తుంది గానీ, ఆ చీకటి వెనక యోక్‌లో కరెంటు అలాగే పారుతుంటుంది.

వీటన్నిటికీ ఆధారం లో వోల్టేజి సప్లై. కేబినెట్ కింద ఉండే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మధ్య కొస ఉన్న ఏసీ వస్తుంది. దాన్ని డయోడ్లు, పెద్ద కెపాసిటర్లు కలిసి ప్లస్, మైనస్ డీసీలుగా మారుస్తాయి. రెండూ సమానంగా ఉండాలి. ఒకటి కుంగితే బొమ్మ ఒక పక్కకు కుదించుకుపోతుంది. 6100లో ఎక్కువగా చెడేది ఈ భాగమేనని దాన్ని బాగుచేసేవారి అనుభవం. ఒక చిన్న డయోడ్ పోతే రెగ్యులేషన్ తప్పుతుంది, దాని వెనకే డిఫ్లెక్షన్ ట్రాన్సిస్టర్లు పోతాయి. అందుకే తర్వాతి కాలంలో ఔత్సాహికులు ఈ భాగాన్ని మొత్తంగా తప్పించి, దాని బదులు పెట్టే చిన్న బోర్డులు తయారుచేసుకున్నారు.

మరమ్మతు చేసేటప్పుడు వరస ముఖ్యం. స్విచ్ ఆపాక కూడా పిక్చర్ ట్యూబ్ పెద్ద కెపాసిటర్‌లా చార్జి పట్టి ఉంచుతుంది. ట్యూబ్ వెనక నల్ల పూతను తాకే ఎర్త్ తీగకు స్క్రూడ్రైవర్ కట్టి, రబ్బరు టోపీ కింది నుంచి హై వోల్టేజి అందే ఆనోడ్‌కు తాకించి, ముందు దాన్ని ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఫ్యూజులు. ఫ్యూజు పోయి ఉంటే కొత్తది వేసి స్విచ్ వేయడం తొందరపాటు. ముందు పవర్ ట్రాన్సిస్టర్లను మల్టీమీటర్‌తో షార్ట్ కోసం చూడాలి. ఈ ట్రాన్సిస్టర్ల లోహపు ఒళ్లే కలెక్టర్. దానికీ చట్రానికీ మధ్య మైకా వాషర్ ఉంటుంది. అది చిట్లితే ట్రాన్సిస్టర్ మంచిదైనా షార్ట్ చూపిస్తుంది. తర్వాత సప్లై రెండు వైపులా సమానంగా ఉందా, స్పాట్ కిల్లర్ లైటు వెలుగుతోందా, మెడలో ఫిలమెంట్ ఎర్రగా ఉందా అని చూస్తారు. లైటు వెలుగుతుంటే తప్పు రంగుల వైపు కాదు, ఎక్స్, వై వైపు వెతకాలి. ఆట బోర్డు సంకేతాలు సరిగా ఉన్నాయని ఆసిలోస్కోపులో చూసుకోకుండా కొత్త ట్రాన్సిస్టర్లు బిగిస్తే అవి కూడా పాతవాటి దారే పడతాయి.

మెమరీ ధర పడిపోగానే ఆటల కంపెనీలకు ఇంత తంటా పడాల్సిన పని లేకపోయింది. రాస్టర్ తెరల మీద రంగు నింపిన బొమ్మలు సాధ్యమయ్యాయి, పైగా ఆ మానిటర్లు చవక, మన్నిక ఎక్కువ. 1985లో అటారీ తెచ్చిన ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్ ఈ తరహా చివరి ఆటల్లో ఒకటి. అది కూడా స్టార్ వార్స్ పెట్టెలోనే అమర్చుకోవడానికి కిట్‌గా వచ్చింది. రంగుల వెక్టర్ ట్యూబులు ఇప్పుడు తయారు కావు. ట్యూబ్ పోయిన మానిటర్‌ను బతికించాలంటే మెడ కొలతా, పుంజం వంగే కోణమూ సరిపోయే మామూలు టీవీ ట్యూబ్ ఒకటి వెతికి, దాని యోక్ ఊడదీసి, పాత వెక్టర్ యోక్‌ను దాని మెడకు ఎక్కిస్తారు. అప్పుడు రింగు అయస్కాంతాలన్నీ మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి.